ఇంటి దెబ్బ

ఖిదిర్‌పూర్, కలకత్తా
7 ఏప్రిల్ 1991

అన్నియ్యకి నమస్కారం.

ఈ ఉత్తరం ఇవాళే రాయక తప్పదు. నీ పేరు మీద వచ్చిన రిజిస్టరు కవరు ఒకటి నేను విప్పేశాను. అందులో ఒక గడువు ఉంది. అది నీకు తెలుసో తెలియదో నాకు తెలియదు.

పోస్టుమాను దగ్గర సంతకం పెట్టి తీసుకుంటుంటే అమ్మ వంటింట్లోంచి, "ఏటే అది? అన్నియ్యకి పెమోషనేటి?" అని అరిచింది. మా ఆఫీసు కాగితం అని చెప్పి మేడ మీదికెళ్లి చదివాను. నన్ను కాలేజీలో చేర్చేటప్పుడు నువ్వే అయ్యతో అన్నావు, "ఒక్కరన్నా సదివితే ఇంటికొచ్చిన కాయితం బయటోళ్ల సేత సదివించుకోనక్కర్లేదు" అని. ఆ మాటే తలుచుకుని విప్పాను. అయినా తప్పే.

కాగితంలో ఉన్నది ఇది. జనవరి 12న నిన్ను ఆరోగ్య కారణాల మీద సైన్యం నుంచి పంపించేశారు. వైద్య బోర్డు నీ నడుముకి ముప్ఫై శాతం వైకల్యం కట్టింది. కానీ ఆ దెబ్బ సైనిక సేవ వల్ల వచ్చింది కాదు, సేవ వల్ల ముదిరింది కూడా కాదు, అందుకని వైకల్య పింఛను రాదు. ఒక్కసారి ఇచ్చే డబ్బేదో ఇచ్చి చేతులు దులిపేసుకుంటారట. ఒప్పుకోకపోతే ఉత్తరం తేదీ నుంచి ఆరు నెలల్లో అప్పీలు పెట్టుకోవచ్చు. ఉత్తరం తేదీ మార్చి 4. అంటే సెప్టెంబరు 3 ఆఖరు.

జనవరిలో నువ్వు పలాసలో అప్పలకొండమ్మత్త ఇంట్లో దిగి, పొడుగు సెలవు ఇచ్చారని రాశావు. సెలవైతే ఇక్కడికి రాకుండా అక్కడేం పని అని అయ్య అడిగాడు. అత్తకి ఒంట్లో బాగోలేదేమో అని నేనే సర్దిచెప్పాను. నీ అబద్ధాన్ని నాకు తెలియకుండానే నేను మోశాను.

అయ్యకి, అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఇది నిజమేనా, అప్పీలు పెట్టావా? ఈ రెండూ రాయి.

నీ చెల్లెలు
అన్నపూర్ణ


పలాస
19 ఏప్రిల్

అన్నపూర్ణకి,

ఉత్తరం అందింది. కవరు విప్పినందుకు కోపం లేదు. అందులో రాసింది నిజమే. అప్పీలు పెట్టలేదు.

ఇక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలో గేటు కాపలా దొరికింది. కుర్చీ ఇచ్చారు. ఎక్కువసేపు కూర్చోలేను, ఎక్కువసేపు నిలబడలేను. కాసేపు అది, కాసేపు ఇది. అత్త నవ్వుతుంది. "మిలట్రీవోడు గేటుకాడుంటే దొంగలు రారనుకున్నాను గానీ, నువ్వు కుర్సీలోంచి లేసేసరికి సరుకు కాశీబుగ్గ దాటిపోద్దిరా" అంటుంది. చేతులనిండా జీడిరసం మచ్చలతో నాకు అన్నం కలిపి పెడుతుంది.

వాళ్లు తప్పు రాయలేదు. నేను చెప్పిందే రాశారు. ఎనభై తొమ్మిది డిసెంబరులో సెలవుకి ఇంటికొచ్చాను కదా, అప్పుడు బస్తా ఎత్తితే నడుం పట్టింది. ఇంటి దెబ్బ. దానికి సైన్యం ఎందుకు ఇస్తుంది? అప్పీలు అక్కర్లేదు.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. అయ్యకి చెప్పకు.

అప్పలసూరి


ఖిదిర్‌పూర్
12 మే

అన్నియ్యకి,

నువ్వు వద్దన్నా నేను కనుక్కున్నాను. మాజీ సైనికులకి కాగితాలు రాసిపెట్టే ఒక ఆఫీసు ఉందని మా టైపు సెక్షన్లో ఒకావిడ చెప్పింది. రెండు శనివారాలు వెళ్లాను. అక్కడ వరండాలో బల్ల వేసుకుని గోపీనాథ్ దా అని ఒక పెద్దాయన కూర్చుంటాడు. సైన్యంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడట. మొదటిసారి నన్ను చూసి, "ఏం దిదీ, మొగుడా, తమ్ముడా?" అన్నాడు. "దాదా" అన్నాను, అన్నియ్య అని. "అయితే నిదానంగా చెప్పొచ్చు. మొగుళ్ల కోసం వచ్చినవాళ్లు ముందు ఏడుస్తారు, తరువాత కాగితం తీస్తారు" అన్నాడు.

నేను ఏడవలేదు. కాగితం తీశాను.

ఆయన చెప్పింది నీకూ తెలియాలని రాస్తున్నాను. సైనిక డాక్టర్లు అడిగేవి రెండే ప్రశ్నలట. ఎంత, ఎక్కడిది. "ఎంత అనేదానికి ఇరవై వస్తే పాసు. మీ దాదాకి ముప్ఫై వచ్చింది, పాసే. ఎక్కడిది అనేదాంట్లో సున్నా" అన్నాడు.

"ఆ సున్నా ఎవరేశారు?" అన్నాను.

"ఇదిగో, రోగి వాంగ్మూలం అని ఉంది చూడు. మీ దాదాయే వేసుకున్నాడు."

దెబ్బ సేవ వల్ల రావాలి, లేదా ఉన్న దెబ్బ సేవ వల్ల ముదరాలి. రెంటిలో ఒకటున్నా చాలు. నీకు పదేళ్ల సర్వీసు నిండి ఉంటే దెబ్బ ఎక్కడిదైనా ఇంకో రకం పింఛను దొరికేదట. నీది ఎనిమిదేళ్లే కాబట్టి ఆ దారి లేదు. ఆ ముప్ఫై శాతం కూడా రెండేళ్లకే కట్టారు, తరువాత మళ్లీ చూస్తారు. నువ్వు చేరేటప్పుడు నిన్ను పరీక్ష చేసిన డాక్టరు ఏ లోపమూ రాయలేదు, అది నీ వైపే ఉంది. సెలవులో బస్తా ఎత్తానన్న నీ మాట ఒక్కటే ఎదురు నిలబడింది.

అన్నియ్యా, ఆ డిసెంబరు నాకు గుర్తుంది. నువ్వు ఇరవై రోజులున్నావు. మంచం వద్దని నేల మీద పడుకున్నావు. మిలట్రీ అలవాటని అమ్మ మురిసిపోయింది. రేషను బియ్యం వచ్చిన రోజు, బస్తా అమ్మా నేనూ చెరో పక్క పట్టుకుని మెట్లెక్కించాం. నువ్వు కింద కుళాయి గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్నావు. "మారాజులా నిల్చున్నాడు సూడు" అని అమ్మ నవ్వింది. నువ్వు ఏ బస్తా ఎత్తావు?

డాక్టరుకి అలా ఎందుకు చెప్పావో రాయి. అంతకంటే ఇంకేమీ అడగను.

అన్నపూర్ణ


పలాస
2 జూన్

అన్నపూర్ణకి,

ఎత్తలేదు. నువ్వు చెప్పింది నిజం.

ఎందుకు చెప్పానని అడిగావు. ఆ సెలవు నుంచి తిరిగి వెళ్లాక, తొంభై ఫిబ్రవరిలో పొద్దున్నే బూట్ల తాడు కట్టుకోవడానికి వంగి, లేవలేకపోయాను. ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు, ఎప్పట్నుంచి, ఎక్కడ అని అడిగాడు. నా నోటికి అదే వచ్చింది. సెలవులో, ఇంటి దగ్గర. ఆలోచించి చెప్పలేదు.

నీకు అప్పుడు నాలుగేళ్లు, గుర్తుండదు. నాకు పదేళ్లు. రేవులో ఓడ సరుకు దించే తాళ్ల వలలోంచి సిమెంటు బస్తా జారి అయ్య తుంటి మీద పడింది. అప్పట్లో రోజూ పొద్దున సర్దారు గేటు దగ్గర నిలబడి మనుషుల్ని ఏరుకునేవాడు. పని దగ్గర దెబ్బ తగిలిందని డాక్టరు దగ్గర నోరు విప్పినవాణ్ని మర్నాటి నుంచి ఏరేవాడు కాదు. అందుకని మనవాళ్లందరికీ ఒకటే మాట. ఇంటి దెబ్బ. ఎవడి వేలు తెగినా, ఎవడి కాలు విరిగినా ఇంటి దెబ్బే. ఊరినుంచి కొత్తగా వచ్చినవాడికి పని నేర్పకముందు ఇది నేర్పేవాళ్లు.

డాక్టరు పెద్దవాళ్ల మాట నమ్మడని, పిల్లాడు చెబితే నమ్ముతాడని అయ్య నన్ను వెంట తీసుకెళ్లాడు. ట్రాములో దారి పొడుగునా అడిగాడు.

"ఏటంటావు?"

"మెట్ల మీంచి పడిపోనాడంటాను."

"ఎక్కడ?"

"ఇంటికాడ."

"మల్లీ సెప్పు."

డాక్టరు అడిగాడు, చెప్పాను. బయటికొచ్చాక అయ్య నాకు కాగితం ఠోంగా నిండా ముఢీ మరమరాలు కొనిపెట్టాడు. పది రోజులకి సర్దారు అయ్యని మళ్లీ తీసుకున్నాడు. అయ్య కుంటుతూనే మోశాడు. ఇంట్లో అన్నం వండారు. పని దగ్గర తగిలిందంటే పని పోతుంది, ఇంటి దగ్గర అంటే పని ఉంటుంది. నాకు తెలిసిన చట్టం అదొక్కటే.

ఇంటి దెబ్బ అంటే నాలుగు రోజులు పడుకోబెట్టి మళ్లీ సైన్యంలో నా కంపెనీకి పంపేస్తారనుకున్నాను. పని నిలబెట్టుకోవడానికే చెప్పాను. తరువాత బోర్డు వాళ్లు హిందీలో చదివి వినిపించి, ఇదేనా నీ మాట అన్నారు. అవునన్నాను. మాట మారిస్తే అబద్ధాలకోరంటారని భయం వేసింది.

అయ్యకి చెప్పకు. ఇప్పుడు చెప్పి ఏం లాభం?

వానలు పడలేదింకా.

అప్పలసూరి


ఖిదిర్‌పూర్
25 జూన్

అన్నియ్యకి,

అయ్యకి చెప్పేశాను. నువ్వు వద్దన్నావు. నీ ఉత్తరం వచ్చాక రెండువారాలు దాచాను, తరువాత చేతకాలేదు. రోజూ నేను పనినుంచి రాగానే, "సూరి ఏటి రాసినాడు?" అంటాడు. రోజూ ఏదో ఒకటి కల్పించి చెబుతుంటే, నేనూ అదే బడిలో చదువుకుంటున్నట్టు అనిపించింది.

నీ ఉత్తరం మొదటినుంచీ చివరిదాకా చదివి వినిపించాను. ట్రాము దగ్గరికి వచ్చేసరికి అయ్య లేచి బాల్చీ పట్టుకుని కుళాయికి వెళ్లిపోయాడు. చాలాసేపటికి ఉత్త చేతులతో వచ్చాడు.

"బాల్చీ ఏదయ్యా?" అంది అమ్మ.

"కుళాయికాడ."

"నీళ్లో?"

"ఏ నీళ్లు?" అన్నాడు.

అమ్మే వెళ్లి తెచ్చింది. తెచ్చి, గడపలో కూర్చుని, "అయితే పెమోషను కాదన్నమాట" అంది. అంతే. తరువాత చేపలు తోముకుంది.

మర్నాడు నేను ఆఫీసుకి బయలుదేరుతుంటే అయ్య పిలిచాడు. "ఇంటి దెబ్బంటే పని నిలబడుద్దన్నాను. నిలబడింది గదే. నానేటి అబద్ధం నేర్పలేదు. గానీ ఒలే, అది రేవు మాట. రేవు దాటితే సెల్లదని ఆడికి సెప్పలేదు. నాకే తెల్దు." అన్నాడు. ఇంకేదో అంటాడని నిలబడ్డాను. "ట్రాము పోద్ది, ఎల్లు" అన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. అప్పీలు టైపు చేశాను. నీ పాత మనియార్డరు కూపన్లు ముందు పెట్టుకుని నీ సంతకం వేసి చూశాను. పదిహేనోసారికి అచ్చం నీది లాగే వచ్చింది. నువ్వు ఇంగ్లీషులో ఎస్ అక్షరాన్ని పడుకోబెట్టినట్టు రాస్తావు, అది కూడా వచ్చింది. పంపేద్దామనుకున్నాను. కవరు మీద చిరునామా కూడా రాశాను. తరువాత ఆ కాగితాలన్నీ చింపేశాను. నీ చేత అయ్య ఒకసారి మాట్లాడించాడు. నీ పేరుతో నేను కూడా మాట్లాడితే నీకంటూ ఒక్క మాటా మిగలదు.

నాకు ఒకటే తెలియాలి. ఇంటి దగ్గర కాదన్నావు. మరి ఎక్కడ? ఎక్కడో రాయకుండా అప్పీలు లేదని గోపీనాథ్ దా అంటున్నాడు.

ఇక్కడ నాలుగు రోజులుగా వాన. మన సందులో మోకాలి లోతు నీళ్లు.

అన్నపూర్ణ


పలాస
14 జూలై

అన్నపూర్ణకి,

ఒక్కసారే రాస్తాను. మళ్లీ అడగకు.

ఎనభై తొమ్మిది అక్టోబరు. మా కంపెనీ కొండ మీద రోడ్డు వేస్తోంది. చోటు పేరు రాయకూడదు. మా సెక్షనులో మరియదాసు అని బాపట్ల వైపు వాడు ఉండేవాడు. తెలుగు వాళ్లం మేమిద్దరమే. నా మాట తీరు విని పడి పడి నవ్వేవాడు. "ఇది తెలుగేనా, లేక మీ కలకత్తాలో తయారైందా?" అనేవాడు.

కొండ చరియ జారింది. అతని రెండు కాళ్లూ రాళ్ల కింద పడ్డాయి. రాళ్లు తీశాం. రోడ్డు తెగిపోయింది, బండి రాదు. స్ట్రెచరు ఆ సన్న దారిలో తిరగలేదు. అతన్ని నేను వీపుకి కట్టించుకున్నాను. అయ్య బస్తా మోసినట్టు తల ముందుకి వంచి నడిచాను. నాలుగు గంటల దారి. కొంతసేపు మాట్లాడాడు. వాళ్లమ్మ వండే రొయ్యల కూర గురించి. చలికాలం సెలవులో నన్ను తీసుకెళ్తానన్నాడు. తరువాత మాట్లాడలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను. ఒక మలుపు దగ్గర నడుంలో ఏదో పట్టు వదిలింది. దించితే మళ్లీ ఎత్తలేనని తెలుసు. దించలేదు.

కింద డాక్టరు చూసి, ప్రాణం పోయి చాలాసేపయింది అన్నాడు. ఎక్కడ పోయిందో నాకు తెలియలేదు. నా వీపు మీదే ఉన్నాడు, తెలియలేదు.

మర్నాడు పనికి వెళ్లాను. విచారణ పెట్టారు. ఎవరు మోసుకొచ్చారంటే నేనని చెప్పాను, రాసుకున్నారు. నా నడుం సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. డిసెంబరులో సెలవిచ్చారు. వాళ్ల ఊరు వెళ్లాలనుకున్నాను. వెళ్లలేదు. ఇంటికొచ్చి నేల మీద పడుకున్నాను.

ఇప్పుడు ఆ బరువు పేరు చెప్పి నెల నెలా ఇమ్మని రాయమంటావా? కోపం కాదు. ఏడుపు కూడా రాదు. ఏమీ అనిపించదు. గేటు దగ్గర లారీ వస్తే తీస్తాను, పోతే మూస్తాను. అది చాలు.

అప్పలసూరి


ఖిదిర్‌పూర్
4 ఆగస్టు

అన్నియ్యకి,

నీ ఉత్తరం చదివిన రోజు ఆఫీసుకి వెళ్లి సాయంత్రం దాకా టైపు చేశాను. ఒక్క తప్పూ పడలేదు. ఏం టైపు చేశానో మాత్రం గుర్తు లేదు. ఏమీ అనిపించదని నువ్వు రాసింది ఇదేనేమో అనుకున్నాను.

మళ్లీ అడగకు అన్నావు. ఆ రోజు గురించి అడగను. నువ్వు అడిగినదానికి మాత్రం జవాబు రాయాలి.

గోపీనాథ్ దాకి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "అతన్ని మోయడం కూడా డ్యూటీయే దిదీ" అన్నాడు. విచారణ కాగితాలు ఎక్కడికీ పోవట, అందులో నీ పేరు ఉంటుంది, వాటిని తెప్పించుకుని చూడమని అప్పీల్లో రాస్తే చాలన్నాడు. గెలుస్తామా అని అడిగాను. "అది చెప్పగలిగితే నేను వరండాలో ఎందుకు కూర్చుంటాను?" అన్నాడు. అందుకని నేనూ నీకు మాటివ్వను.

కానీ వాళ్ల కాగితం మరోసారి తీసి చదివాను. అందులో నువ్వు ఖిదిర్‌పూర్ మెట్ల దగ్గర బియ్యం బస్తా ఎత్తావు. అంతే ఉంది. కొండ లేదు. ఆ నాలుగు గంటలు లేవు. మరియదాసు లేడు. అతన్ని నువ్వు దించనేలేదు అన్నావు. ఆ కాగితంలో అతన్ని నువ్వు ఎత్తనే లేదు. పింఛను సంగతి పక్కన పెట్టు. నీకు అది అలాగే ఉండాలని ఉందా? ఉండాలనే ఉంటే చెప్పు, ఊరుకుంటాను.

అయ్య సంగతి. నీ సెలవులో ఇంట్లో ఏ బస్తా ఎత్తలేదని, ఏ దెబ్బా తగల్లేదని అయ్య నోటరీ ముందు చెప్పి రాయించాలని గోపీనాథ్ దా అన్నాడు. ట్రాములో తీసుకెళ్లాను. దారిలో అయ్యకి ఏమీ నేర్పలేదు. ఆయనే, "ఏటనమంటావే?" అన్నాడు. "ఏది జరిగితే అది" అన్నాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

నోటరీ పేరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు. నేను టైపు చేసిన కాగితాన్ని బెంగాలీలో చదివి వినిపించి, ఇది నిజమేనా అన్నాడు. నిజమేనని అయ్య వేలిముద్ర వేశాడు. పని అయిపోయింది. అయ్య లేవలేదు. తన తుంటి మీద చెయ్యి పెట్టి, "బాబూ, ఇది రేవులో తగిలింది. సిమెంటు బస్తా. మెట్ల మీంచి పడలేదు. మా గుంటడు సెప్పింది నేన్నేర్పిందే" అన్నాడు. నోటరీకి తెలుగు రాదు. ఏమంటున్నాడని నన్ను అడిగాడు. బెంగాలీలో చెప్పాను. అది ఈ కేసులో అక్కర్లేదు అన్నాడు. "అక్కర్నేదంతన్నారు, ఎల్దాం అయ్యా" అన్నాను. "రాసుకోమను" అన్నాడు. వెనక బెంచీ మీద ముగ్గురు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. చివరికి నోటరీ ఒక పాత కాగితం వెనక ఏదో గీసినట్టు గీసి, రాసుకున్నాను కాకా అన్నాడు. అప్పుడు లేచాడు.

వచ్చేటప్పుడు ట్రామెక్కకుండా, కుంటుకుంటూ నడిచే వచ్చాడు. నేను వెనకే నడిచాను.

అప్పీలు, అయ్య వేలిముద్ర కాగితం దీంతో పంపుతున్నాను. నువ్వు సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చుక్క పెట్టాను. అన్నీ టైపు చేశాను గాని, దెబ్బ ఎక్కడ, ఎప్పుడు, ఎలా తగిలింది అన్న చోట ఆరు గీతలు ఖాళీగా వదిలాను. అక్కడ నేను రాయను, అయ్యా రాయడు. నువ్వు తెలుగులో రాసి పంపితే, ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులోకి మార్చి నీ కాగితాన్ని కూడా జత చేస్తాను. ఆరు గీతలు ఎక్కువైతే రెండే రాయి. మరియదాసు పేరు మాత్రం సరిగ్గా రాయి, విచారణ కాగితంలో ఉన్నట్టు.

తిరుగు కవరుకి స్టాంపులు అంటించాను. రిజిస్టరు పోస్టు చేరడానికి వారం పడుతుంది, ఆఖరు తేదీ సెప్టెంబరు 3. ఆగస్టు 20 లోపల నాకు అందేలా పంపు. సంతకం పెట్టనని తేల్చుకుంటే ఆ మాటైనా నీ చేత్తోనే రాసి, అదే తేదీ లోపల పంపు.

అన్నపూర్ణ